నూట ఎనిమిది చుట్లు

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు మీద కమిటీవాళ్ళు ఒక కాగితం అంటించారు, రోజుకు పది వేల అడుగులు నడుద్దాం రండి అని. లిఫ్టు కోసం నిలబడ్డ నలుగురం దాన్ని శ్రద్ధగా చదివి, లిఫ్టు రాగానే ఎక్కి పైకి వెళ్ళిపోయాం. నాకు నవ్వొచ్చింది. పెద్దవాళ్ళను నడిపించడం కాగితంతో అయ్యే పనైతే, రెండు వేల పదకొండులో నేను అంత తిప్పలు పడేదాన్నే కాదు.

అప్పట్లో మేము అశోక్ నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయనది నారాయణగూడలో ఆఫీసు ఉద్యోగం. గల్లీ చివర కొట్టులో పెరుగు ప్యాకెట్ తేవడానికి కూడా స్కూటర్ తీసే మనిషి. అది స్టార్టయ్యేదాకా కిక్కు కొట్టడమే ఆయన చేసే వ్యాయామం. షుగర్ వచ్చి ఆరేళ్ళయింది, పాదాలకు తిమ్మిరి మొదలైంది. ఒకరోజు దారిలో చెప్పు జారిపోయిన సంగతే తెలియక, ఒంటి చెప్పుతో ఇంట్లోకి వచ్చారు. వచ్చి, చూసుకొని నవ్వారు. నేను మాత్రం మర్నాడే ఆయనను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. చిక్కడపల్లిలో డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "మూడు నెలలు టైం ఇస్తున్న సార్. రోజూ ముప్పావు గంట నడవండి. తగ్గకపోతే ఇన్సులిన్ సూదులే." నా రక్తం కూడా చూసి, షుగర్ అంచుల్లో ఉన్నావమ్మా, జాగ్రత్త అంది. మా ఆయన 'సరే మేడం' అని తలూపి, బయటికొచ్చి స్కూటరెక్కారు.

బతిమాలాను, అలిగాను. సుల్తాన్ బజార్ వెళ్ళి మెత్తటి బూట్లు కొనుక్కొచ్చాను. అవి వేసుకొని సోఫాలో కూర్చొని టీవీ చూసేవారు. ఇక లాభం లేదని, మా వెనక గల్లీలోని చిన్న హనుమాన్ గుడిలో, ఆయనను అడక్కుండానే ఆయన పేరు మీద మొక్కేశాను. నలభై రోజులు, రోజుకు నూట ఎనిమిది ప్రదక్షిణలు. దేవుడికి భయపడైనా తిరుగుతారని నా తెలివి. మొదటిరోజు గుడికైతే వచ్చారు. వచ్చి, అయ్యగారిని ఎంతో వినయంగా అడిగారు: "అయ్యగారూ, మొక్కు ఆలుమగలల్ల ఎవరు తీర్చినా ఒకటేనా?" పాపం, అయ్యగారికి మా ఇంటి కథ ఏం తెలుసు. "ఒకటే నాయనా, ఎవరు తిరిగినా పుణ్యం ఇద్దరికీ చెరిసగం" అన్నారు. మా ఆయన నావైపు తిరిగి, "ఇంక నువ్వు షురూ చెయ్యి" అని అరుగు మీద కూర్చున్నారు.

మొక్కి తీర్చకపోతే ఆయనకే ఏదైనా కీడు తగులుతుందేమోనని, పళ్ళు నూరుకుంటూ నేనే తిరిగాను. గుప్పిట్లో చింతగింజలు, చుట్టుకొకటి చొప్పున గిన్నెలో వేయడం. ఆయన అరుగు మీద పేపర్ తిరగేస్తూ, నేను ముందునుంచి వెళ్ళినప్పుడల్లా "జర జల్ది, ఆఫీసుకు లేటయితది" అనేవారు. మంగళవారం, శనివారం స్వామికి వడమాల వేసేవారు. మొక్కు కోసం నేను ఒక్కపొద్దు ఉండేదాన్ని కదా, నా వంతు వడలు కూడా ఆయనకే. ఆ కరకరలు వింటూ, ఆ మిరియాల వాసన పీలుస్తూ ఆకలి కడుపుతో చుట్లు తిరిగాను చూడండి, అంతకంటే తపస్సు ఉంటుందా.

నలభై రోజులు పూర్తయ్యాక ఇద్దరం మళ్ళీ రక్తం ఇచ్చాం. నా షుగర్ చక్కగా దిగింది, మోకాళ్ళ నొప్పులు కూడా ఎటో పోయాయి. ఆయనది పెరిగింది. ఏం చేశారని డాక్టరమ్మ అడిగితే, మొక్కు సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ముందు పకపకా నవ్వింది. తరవాత రిపోర్టు ఇంకోసారి చూసి నవ్వు ఆపేసింది. "పుణ్యంల సగం వస్తదేమో సార్, నడకల రాదు. వచ్చే నెల సూది మొదలువెడదాం."

ఆ క్లినిక్ మెట్ల మీదే నాకు ఏడుపొచ్చింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది. "సూది గురించి కాదు నా రంది. రేపు మీ కాళ్ళకేమన్న అయితే ఏం చెయ్యాలె? మీరు లేకుంట నేను ఉండలేను" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన బూట్లు వేసుకొని గుమ్మంలో నిలబడి ఉన్నారు. "గింజలు యాడ పెట్టినవ్?" అన్నారు.

మొదటిరోజు పదకొండు చుట్లకే అరుగు మీద కూలబడ్డారు. జల్ది అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది గానీ మింగేశాను. నూట ఎనిమిదికి చేరడానికి మూడు వారాలు పట్టింది. వడలు అడగడం మానడానికి ఇంకో వారం. ఆ నెలాఖరుకు డాక్టరమ్మ రిపోర్టు చూసి, "సూది ఇప్పట్ల అక్కర్లేదు సార్, గిట్లనే కానియ్యండి" అంది.

ఆ రోజు క్లినిక్‌కు నడిచే వెళ్ళాం, నడిచే ఇంటికి బయల్దేరాం. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అంతకుముందు ఇరవై ఏళ్ళు స్కూటర్ వెనక సీట్లో కూర్చొని ఆయన వీపుతోనే మాట్లాడాను, చాలా మాటలు గాలికే పోయాయి. నా మాటకు ఆయన ముఖం ఎట్లా మారుతుందో పక్కన నడుస్తూ అప్పుడే తీరిగ్గా చూశాను. ఆ ఇరవై ఏళ్ళు ఎట్లా గడిచిపోయాయో నాకు సరిగ్గా గుర్తే లేదు. ఆ రోజునుంచి మాత్రం ప్రతి పొద్దూ, అడుగడుగూ గుర్తుంది.