బందెల దొడ్డిలో దుడ్డె

నైజాం కాలంలో నేల మూడు రకాలు: సర్కారు ఏలే దివానీ, ప్రభువు సొంతమైన సర్ఫేఖాస్, నవాబుల జాగీర్లు. మా పంజాగుట్ట ఇల్లు సర్ఫేఖాస్‌లో ఉండేది. వాగు దాటితే అమీర్‌పేట వైపు ఒక నవాబు జాగీరు. అక్కడ పోలీసు, కచేరీ, దారి తప్పిన పశువుల్ని కట్టేసే బందెల దొడ్డి అన్నీ ఆయనవే. బడికి పోకుండా లెక్కలు నేర్చినవాణ్ణి కదా, ఈ ఏర్పాటంతా నాకు తెలుసనుకునేవాణ్ణి.

ఒక పొద్దున మా బర్రె మేస్తూ మేస్తూ వాగు దాటింది. జాగీరు మనుషులు దాన్ని దొడ్డికి తోలేశారు. మా ఇంట్లో చంటిబిడ్డకు తల్లిపాలు చాలక ఆ బర్రె పాలే పడుతున్నాం. కొట్టంలో దాని దూడ, పాలు మరవని దుడ్డె, ఒకటే అరుపు.

"పిండకుంటే పొదుగు గట్టివడి పాలు ఇంకిపోతయ్ కొడుకా," అంటూ అమ్మ గడప లోపలికీ బయటికీ తిరుగుతోంది.

జాగీరు కచేరీకి పరుగెత్తాను. "నువ్వు మా రైతువు కావు. మీ తహసీల్దారుతో రాయించుకొని రా," అన్నాడు గుమాస్తా. మా తహసీలుకు పోతే, "జాగీరు దొడ్డి మీద మా మాట చెల్లదు, నవాబునే అడుగు," అన్నారు. మళ్లీ వాగు దాటాను. మా వైపు తహసీల్దారు పైన తాలూక్‌దారు, ఆపైన సదర్ కచేరీ. వాళ్ల వైపు గుమాస్తా పైన నవాబు. ఎటు నుంచి ఎక్కినా రెండు నిచ్చెనలూ కలిసేది నైజాం ప్రభువు హుజూరు గడప దగ్గరే. అందాక పొదుగు ఆగుతుందా?

దొడ్డి దగ్గరికి వచ్చేసరికి అమ్మ దుడ్డెతో నిలబడి ఉంది.

"అమ్మా, జర సమజ్ చేసుకో. హుకుం లేంది బర్రెను ఇడవను," అంటున్నాడు కావలివాడు.

"ఇడవమని ఎవలన్నరు తమ్మీ? గీ దుడ్డె సుత మీ గడ్డి మేసింది. లోపలికి తోలుకో. దానికి సుత హుకుం కావాల్నా?"

అతను తల గోక్కున్నాడు. "లోపలికైతే అక్కర లేదు."

తలుపు తీశాడు. దుడ్డె తల్లి కిందికి దూరింది. బర్రె పాలు చేపింది. వెనకాలే అమ్మ చెంబుతో లోపలికి నడిచింది.

"నన్ను సుత కట్టేస్తవా ఏంది?"

"మనుషుల దొడ్డి వేరే ఉన్నది పో అమ్మా!" అని నవ్వాడు.

అమ్మ పిండి తెచ్చిన పాలు తాగి ఇంట్లో బిడ్డ నిద్రపోయింది. నాకే కుదురు లేదు. ఇప్పుడు దొడ్డిలో రెండున్నాయి. తప్పిపోయిన బర్రె సంగతి సరే, మేమే తీసుకుపోయి అప్పగించిన దుడ్డెను విడిపించే అధికారం ఏ నిచ్చెనలో ఏ మెట్టుది? వాకిట్లో పచార్లు చేస్తున్నాను.

"జర కూసో కొడుకా," అంది అమ్మ, చెంబు తోముతూ. "మాపటికి మల్ల పోవాలె."