నేను చెప్పిన డిస్కస్ పాఠం

చేతిలో ఒక డిస్కస్ ఉంటే మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడో తెలుసుకోవాలనుందా? అయితే ఇలా కూర్చోండి.

బరంపురంలో వ్యాయామ విద్య చదివే రోజులవి. మా ఊరు పాత్రపూర్ చుట్టుపక్కల డిస్కస్ విసరడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. విసిరేవాళ్లే ఇంకెవరూ లేరన్నది వేరే సంగతి.

కొత్తగా వచ్చిన మాస్టారు ఈల ఊదరు, చేసి చూపించరు. "ఎలా విసిరితే దూరం పోతుందో మీరే కనుక్కోండి, ఒకరికొకరు చెప్పుకోండి" అని గట్టు మీద కూర్చుంటారు. బియ్యం మన చేతికే ఇచ్చి వండుకోమనే వంటవాడిలా! నెల తిరిగాక ఆయనే కాగితాలు పంచి, తన పద్ధతి మీద అభిప్రాయం రాయమన్నారు. "మాస్టారికి డిస్కస్ రాదు, అందుకే మమ్మల్ని అడుగుతున్నారు" అని రాశాను. పేరు అక్కర్లేదన్నా, గర్వంకొద్దీ సంతకం కూడా పెట్టాను.

మర్నాడు మాస్టారు, "అచ్ఛా, ఈరోజు పాఠం నువ్వు చెప్పు" అన్నారు.

ఈల ఊదాను. అందరినీ సిపాయిల్లా నిలబెట్టాను. సోనేపూర్ జాలరుల పిల్ల పార్వతి నడుం తిప్పి విసరబోతుంటే ఆపాను.

"ఏటది? తప్పు! నన్ను సూడు."

"మా అయ్య వల ఇలాగే ఇసురుతాడు. నెల్లాళ్లు ఇసిరి సూసుకున్నాను. ముందు నడుం తిరిగి, ఎనక సెయ్యొస్తేనే దూరమెల్తాది."

"ఇదేటి, సేపల రేవనుకున్నావా?"

బొంగరంలా తిరిగాను. ఎక్కడ ఆగాలో మర్చిపోయాను. డిస్కస్ వెనక్కి ఎగిరి మాస్టారి స్కూటర్ లైటు పగలగొట్టింది.

అందరూ స్కూటర్ వైపు పరుగెత్తారు. మాస్టారు మాత్రం తాపీగా, "వెనక్కెందుకు వెళ్లింది? కనుక్కుందాం" అన్నారు.

"ఆలస్యంగా ఒదిలేడు సార్!"

"పాదాలు సూసుకోలేదు సార్!"

"నోట్లో ఈలుంది సార్!"

ఆపైన పార్వతి విసిరింది. టేపు పట్టుకున్నది నేనే. నేను అంతవరకూ విసిరిన దూరం కంటే మూడు బారలు ఎక్కువ! సిగ్గుపడాల్సింది పోయి, ఆ కొలత మైదానమంతా వినబడేలా అరిచాను. నెల్లాళ్లుగా అందరూ కలిసి ఆలోచిస్తే వచ్చిన విసురు అది. నేనొక్కణ్ణే ఆలోచించలేదు.

ఆ ఏడే కాలేజీల పోటీలో పార్వతికి మొదటి బహుమతి వచ్చింది. నేను ఎగిరి గంతులేస్తుంటే పక్కనున్న పెద్దాయన, "ఆ పిల్లకి నేర్పింది నువ్వేనేటి బాబూ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా పతకంతో వచ్చిన పార్వతి అంది: "అవునండి. ఎలా ఇసరకూడదో ఈడే నేర్పేడు."

అంత గర్వంగా నేనెప్పుడూ తల దించుకోలేదు.

కనుక పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు నడుం తిప్పి ఏది విసరబోయినా ఆపను. పక్కకు తప్పుకుని, చప్పట్లు కొడతాను.