గుర్రాన్ని ఇచ్చి ఆడిన ఆట

మొన్న విజయవాడలో మా వీధి చివర బొమ్మల కొట్టు ముందు నుంచి నడుస్తుంటే చింతగింజల బంక వాసన కొట్టింది. కొండపల్లిలో మా ఇల్లంతా అదే వాసన. వేసవిలో నాన్న బొమ్మలు చెక్కే పొణికి చెక్క ఆరబెట్టిన వసారాలో, రంపపు పొట్టు మీద కూర్చుని, ముంజల నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే అవే చేతులతో బొమ్మలకు రంగులు పూసి అమ్మ చేత మొట్టికాయలు తిన్నదాన్ని. నాకు రాత అలవాటు ఎప్పుడో తప్పింది, నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర తిన్నాక నాన్న చదరంగం పరిచేవాడు. పావులన్నీ ఆయన చెక్కినవే. బంటుకు పావుగంట చాలు, గుర్రానికి మెడ వంపు, చెవులు, జూలు అంటూ పూటంతా పడుతుంది. అందుకే ఆటలో కూడా బంట్లను తేలిగ్గా వదిలేసేవాడు, గుర్రం మీదికి ఏదైనా వస్తే మాత్రం మిగతా ఆటంతా వదిలేసి ముందు దాన్ని దాచుకునేవాడు. పక్కన రంగులు వేస్తూ చాలా ఆదివారాలు అది చూశాను, చూసే ఆట నేర్చుకున్నాను.

నేను ఆరో తరగతిలో ఉండగా విజయవాడలో ఆడపిల్లలకు చదరంగం పోటీ పెడుతున్నారని బడిలో చెప్పారు. వెళ్తానని అడిగితే నాన్న పనివాళ్లందరి ముందూ, "ముందు నన్ను గెలువు, నేనే బస్సెక్కించి తీసుకెళ్తా" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరం ఆటకు కూర్చున్నాం. నాలుగో ఎత్తులోనే నా గుర్రంతో ఆయన నడిమి బంటును కొట్టాను. ఆ బంటుకు ఆయన గుర్రం కాపలా ఉంది.

"పిచ్చిమొహమా, బంటు కోసం గుర్రాన్ని ఇచ్చేస్తావేంటే?"

"తీసుకో నాన్నా."

తీసుకున్నాడు. నా నడిమి బంట్లు రెండూ ఒకదాని వెనక ఒకటి కదిలి ఆయన గుర్రాలను తరిమాయి. ఒకటి పక్కకు జరిగింది, రెండోది మొదట నిలబడ్డ గడిలోకే పోయింది.

చూస్తున్న బాబాయి ఆగలేకపోయాడు. "అన్నయ్యా, ఒక గుర్రాన్ని పోనియ్యి. రాజును చూసుకో."

"చెక్కేవాడికి తెలుస్తుందిరా దాని విలువ" అన్నాడు నాన్న.

రెండు గుర్రాలనూ ఆయన దాచుకునేలోగా నా మంత్రి, శకటు వెళ్లి రాజు మీద పడ్డాయి. ఆట కట్టు.

బాబాయి నవ్వాడు. అతను నవ్వకపోతే నాన్న నన్ను పోటీకి తీసుకెళ్లేవాడేమో. నాన్న పావులన్నీ సంచిలో పోసి, "చేతిలో ఉన్నదాన్ని పారేసి గెలిచే ఆడది రేపు కాపురం ఏం నిలబెడుతుంది" అన్నాడు. పోటీ రోజు నన్ను ఏనుగు అంబారీ బొమ్మలకు రంగులేయమని కూర్చోబెట్టాడు. మరుసటేడు బడి కూడా మాన్పించాడు.

ముప్పై ఏళ్లు నిలబెట్టాను కాపురం, ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే మనిషితో. పోయేదాకా ఆయనకు తెలియదు నాకు చదరంగం వచ్చని. నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాక ఒకరోజు, "ఒక ఆట వేద్దామా అమ్మా" అని అడిగాడు. "మర్చిపోయాను నాన్నా" అన్నాను. నమ్మాడు. నెల తిరక్కుండానే పోయాడు.

ఇప్పుడు ఆ వసారా లేదు, కొండ మీద పొణికి చెట్లూ పలచబడ్డాయి, బాబాయీ లేడు. నేను గెలిచానంటే చూశామనేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. "ముత్తాత అడిగిన ఆ ఒక్క ఆట ఆడాల్సింది అమ్మమ్మా" అంటోంది రాస్తున్న పిల్ల. నాకు ఒక్కనాడూ అలా అనిపించలేదు. ఆ మాట కూడా రాయమన్నాను.