దారిలో అని చూపించిన పలక

సారు పోయారన్న సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు నాకే తెలిసింది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రోజు కోరుట్లలో మా కంప్యూటర్ సెంటర్‌లో సాయంత్రం బ్యాచ్‌కు చెబుతున్నాను. ఏడున్నరకు తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చే బస్సులో ఒకాయనకు ఛాతీలో నొప్పి వచ్చిందని, వేములవాడలో దించి ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయిందని, ఫోన్ ఆఫ్ అయి ఉండడంతో ఎవరికి చెప్పాలో తెలియలేదని, ఇప్పుడే బ్యాగులో మా సెంటర్ కార్డు దొరికిందని అవతలి మనిషి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. కార్డు మీదున్న సారు పేరు చదివాడు. ఇంకోసారి చదవమన్నాను. మళ్లీ అదే పేరు చదివాడు.

జగిత్యాలలో సారు ఇంటికి ఫోన్ చేశాను. సారు భార్యను మేమందరం మేడం అనే పిలుస్తాం. ఫోన్ ఆమే ఎత్తారు. సారుకు బాగాలేదట, వేములవాడ ఆసుపత్రిలో ఉన్నారట అని నసుగుతుంటే ఆమె మధ్యలోనే ఆపారు.

"ఎవలో తప్పు చెప్పిన్రు బిడ్డా. సారు దారిల ఉన్నడు. ఫోన్ల చూపిస్తుంది గద."

ఆ ఫోన్‌లో అట్లా చూపించేలా చేసింది నేను. ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోవడం అందుకే.

సారుది మల్లాపూర్ దగ్గర పల్లె. గల్ఫ్‌లో ఒక కంపెనీ స్టోరులో ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, చెప్పేవాళ్లు లేకుండానే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కోరుట్లలో ఎరువుల దుకాణం పైన రెండు గదులు తీసుకొని మొబైల్ యాప్‌లు తయారుచేయడం నేర్పారు. వారానికి రెండు రోజులు సిరిసిల్ల పోయి మరమగ్గాల కార్మికుల పిల్లలకూ నేర్పేవారు.

నేను మా జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి ఆటో, బస్సు మారి వచ్చేదాన్ని. మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. గీత కార్మికుడి బిడ్డ ఫోన్లలో ఏం చేస్తుందని వాడకట్టులో నవ్వుతున్నారని సారుతో చెప్పి ముక్కు చీదాను. ఓదారుస్తారేమో అనుకున్నాను. ఆయన మాత్రం, నడుముకు మోకు గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకే కదా మీ నాన్న చెట్టెక్కేది, ఇదీ అంతే, ముందు పడకుండా చూసుకో, తర్వాత ఎక్కు అని బోర్డు వైపు తిరిగిపోయారు.

మొదటి పాఠం కిటికీ దగ్గర జరిగింది. కింద దుకాణం ముందు యూరియా లైను. ఎండకు తాళలేక రైతులు తమ చెప్పులు లైన్లో వదిలి చాయ్‌కి పోయారు. రోడ్డు పొడుగునా చెప్పులే నిలబడి ఉన్నాయి. సారు మమ్మల్ని పిలిచి చూపించారు.

"ప్రోగ్రాంల స్టేట్ అంటే గా చెప్పులే. మనిషి చాయ్ తాగవోయిండు, ఆయన జాగ మాత్రం యాదికున్నది. యాప్ మూస్తే ఫోన్ అన్ని మర్చిపోతది. ఏది యాదికుంచుకోవాల్నో మీరే చెప్పాలె."

మేం అర్థమైందని తలలూపాం. సారు కిటికీ వదల్లేదు. "కని చెప్పులను చూసి మనిషే ఉన్నడనుకునేరు. ఎంతసేపు నమ్మాల్నో గది సుత రాయాలె," అన్నారు. నేను మొదటి సగం బాగా నేర్చుకున్నాను.

ఆయనకు ఒక పాడు అలవాటు ఉండేది. మనం చేసిన యాప్‌ను మురిసిపోతూ చూపిస్తుంటే, చటుక్కున ఫోన్ లాక్కొని యాప్ మూసేసేవారు. మళ్లీ తెరిచి, ఇప్పుడు దీనికి ఏం యాదికుందో చెప్పు అనేవారు. నేను మూడు రోజులు కష్టపడి చేసిన ఫారం అట్లా ఖాళీగా వెక్కిరించింది. ఏడ్చాను. సారు కిందికి పోయి మిర్చి బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టి, తిన్నాక సరిచెయ్యమన్నారు. నోటిఫికేషన్ల దగ్గర ఇంకా పిసినారి. కోరుట్ల బస్టాండులో ఆటోవాళ్లు పొద్దంతా జగిత్యాల జగిత్యాల అని అరుస్తారు, ఎవరైనా తల తిప్పుతున్నారా అని అడిగేవారు. మనిషిని పిలిస్తే పని ఉండే పిలవాలని ఆయన పట్టుదల.

చదువు అయ్యాక నన్ను సెంటర్‌లోనే పెట్టుకున్నారు. ఇద్దరం కలిసి చేసిన యాప్ పేరు 'యాడున్నవ్'. మా దిక్కు సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఆడవాళ్లు ఫోన్ చేస్తే అక్కడ డ్యూటీ, వాళ్లు చేస్తే ఇక్కడ పొలం. అందుకని అక్కడి మనిషి ఒక్క బటన్ నొక్కితే చాలు, డ్యూటీలో, రూంలో, దారిలో అని ఇంటివాళ్ల ఫోన్ తెర మీద ఒక చిన్న చదరంలో కనబడుతుంది. యాప్ తెరవాల్సిన పనే లేదు. ఆ చదరాన్ని అందరూ విడ్జెట్ అంటారు, సారు పలక అనేవారు.

ఆయనా వాడేవారు. సిరిసిల్ల బస్టాండులో 'దారిలో' నొక్కేవారు. ఇంటికొచ్చాక చెప్పులు విడవకముందే గుమ్మంలో నిలబడి 'ఇంట్లో' నొక్కేవారు. తను ఎదురుగానే ఉండగా ఇంట్లో ఉన్నానని ఎవరికి చెబుతున్నావని మేడం ఎగతాళి చేసేవారు. బస్సులో ఏమీ వినపడదు, ఫోన్ చెయ్యకు, పలక చూడు అని ఆమెకు అలవాటు చేసింది కూడా ఆయనే.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. పలక మీద ప్రతి మాటకూ ఒక గడువు ఉండాలని సారు మొదట్లోనే చెప్పారు. డ్యూటీకి పన్నెండు గంటలు, దారికి రెండు గంటలు. గడువు దాటినా కొత్త కబురు రాకపోతే పలక 'తెలియదు' అనాలి, ఒక్క నోటిఫికేషన్ పంపాలి. అట్లాగే చేశాం. కోరుట్లలో ఒక తల్లికి యాప్ పెట్టి ఇచ్చాం. వారం తిరక్కుండానే ఆమె ఏడ్చుకుంటూ సెంటర్ మెట్లెక్కింది. కొడుకు ఓవర్‌టైంలో ఉండి బటన్ నొక్కలేదు, పలక 'తెలియదు' అంది, ఆమె గుండె ఆగినంత పనైంది. ఆ మధ్యాహ్నమే నేను ఆ గడువు తీసేశాను. చివరి మాట ఏదైతే అదే అట్లాగే ఉండేలా మార్చాను. మంచి పని చేశాననుకున్నాను.

సారు ఒప్పుకోలేదు. గొంతు పెంచలేదు గానీ, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

"నేను గల్ఫ్‌ల ఉండంగ మా అమ్మ సచ్చిపోతే నాకు నాలుగు రోజులు చెప్పలె. ఫోన్ చేస్తే బాగనే ఉంది, పండుకున్నది అన్నరు. నా మంచికే అన్నరు. గా నాలుగొద్దులు నేను నవ్వుకుంట తిరిగిన. గదే నేను మర్చిపోలేను. తెల్వనప్పుడు తెల్వదనే చెప్పాలె. భయపడ్తరు, భయపడనియ్యి. భయపడ్డోళ్లు ఫోన్ చేస్తరు."

ఆ తల్లి ఏడుపు మీరు చూడలేదు సార్ అన్నాను. ఆయన సరే, గడువు మళ్లీ పెట్టాలని నోట్‌బుక్కులో రాసిపెట్టు, తర్వాత చూద్దాం అన్నారు. రాసిపెట్టాను. కనబడినప్పుడల్లా ఆ లైను ఏమైందని అడిగేవారు. వచ్చే వారం సార్ అనేదాన్ని. నా వచ్చే వారాలు ఎనిమిది నెలలు నడిచాయి.

ఆ రోజు సారు నాలుగూ పదికి సిరిసిల్లలో 'దారిలో' నొక్కారు. ఐదు కాకముందే పోయారు. ఆరూ పదికి పలక మారి ఉండాలి, మేడంకు నోటిఫికేషన్ వచ్చి ఉండాలి. రాలేదు. ఏడున్నర దాకా ఆమె వంటింట్లో పని చేసుకుంటూ ఫోన్ చూస్తూనే ఉన్నారు. పలక 'దారిలో' అంటూనే ఉంది. ముందు తెలిసినా చేయగలిగింది ఏమీ లేదని డాక్టర్ అన్నారట. అందరూ నాకు ఆ మాటే చెబుతున్నారు. కానీ సారు అక్కడ ఒక బల్ల మీద తనవాళ్లెవరూ లేకుండా రెండున్నర గంటలు ఉన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ టైప్ చేసిన అక్షరాలు తప్పులు పోతున్నాయి.

పదకొండో రోజు కార్యం అయిన మర్నాడు జగిత్యాల పోయాను. గడువు మళ్లీ రాశాను. ఎనిమిది నెలలు వాయిదా వేసిన పనికి గంట కూడా పట్టలేదు. అందరి ఫోన్లకూ పంపేముందు మేడంను అడగాలి. ఆమె ఫోన్‌లో పలక ఇంకా 'దారిలో' అనే ఉంది. కొత్తది పెడితే ఆ మాట పోతుంది.

దాచకుండా అంతా చెప్పాను. గడువు ఎందుకు పెట్టమన్నారో, నేనెందుకు తీసేశానో, ఎన్నిసార్లు అడిగించుకున్నానో. మేడం నా వైపు చూడకుండా విన్నారు. తిడితే బాగుండునని కూర్చున్నాను.

"గా రోజు నేను మంచిగనే ఉన్న బిడ్డా," అన్నారు చివరికి. "ఆయనకిష్టమని చింతచిగురు పప్పు చేసిన. రేడియో పెట్టుకున్న, పాట సుత పాడిన. గిప్పుడు గది యాదికస్తే ముద్ద దిగుతలేదు."

ఆ తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టారు. "సారు చెప్పినట్టే పెట్టు."

పెట్టాను. తెర మీద 'దారిలో' పోయి 'తెలియదు' వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, చివరి మాట దారిలో, సిరిసిల్ల బస్టాండ్, నాలుగూ పది. అది చదువుతుండగానే ఫోన్ టింగుమంది. ఆ రోజు ఆరూ పదికి రావాల్సిన నోటిఫికేషన్ అది. సారు నుంచి కబురు లేదు, ఒకసారి ఫోన్ చెయ్యండి అని ఉంది. ఆ వాక్యం మొదట్లో సారే రాశారు, అందులో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మేడం అద్దాలు పెట్టుకొని నిదానంగా చదివారు. కిందనే ఉన్న ఫోన్ గుర్తు మీద వేలు నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నారు. లోపలి గదిలో, రోజూ ఆమె చార్జింగ్ పెడుతున్న సారు ఫోన్ మోగింది. ఆగిపోయేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.