గోడ మీది గాలి ఓడ

కాత్ర్ బోర్న్ సంతలో బట్టల సబ్బు పెట్టె విప్పగానే వచ్చే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలితే చాలు, మనవరాళ్ళు నవ్వుతున్నా పట్టించుకోకుండా ఒక బార్ సబ్బు కొనేస్తాను. నేను బడి మొహం చూసింది ఆ సబ్బు పుణ్యమానే.

మా పెద్దలు చెరకు పనికి ఈ దీవికి వచ్చిన తెలుగువాళ్ళు. రివియేర్ దు రాంపార్ ఊళ్ళో మాది రేకుల ఇల్లు. చెరకు కోతల చలికాలంలో సందుల్లోంచి ఈదురుగాలి, దాంతో పాటే కాల్చిన చెరకాకు మసి లోపలికి దూరేవి. అందుకని మా తాత, దుకాణంలో ఉప్పుచేప చుట్టి ఇచ్చిన పాత పత్రికలన్నీ దాచి, గంజి రాసి గోడలకు అంటించేవాడు. ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు, బొమ్మలే చూసేవాళ్ళం. తాతకు గాలి ఓడల బొమ్మలంటే ప్రాణం. సొరకాయల్లా ఇంత పొడుగున ఉండే వాటిలో మనుషులు కూర్చుని ఆకాశంలో పోయేవారట. దుకాణదారు చదివి చెప్పిన కథల్ని తాత గోడ మీద వేలు పెట్టి, రామభజనంత శ్రద్ధగా మాకు అప్పజెప్పేవాడు: ఇది వానలో కొండను గుద్దుకుని తగలబడింది, ఇది ఆకాశంలోనే రెండు ముక్కలైంది, ఇది తుఫానులో సముద్రం పాలైంది.

తాత భజన గుంపుకు పెద్ద, ఆయన మాటకు తిరుగులేదు. నాకు ఎనిమిదేళ్ళు నిండాయి, లెకోల్‌కి, అంటే బడికి, పంపుదామని అమ్మ అడిగితే కస్సుమన్నాడు.

"ఉట్టికెగరనేనమ్మ సొరగానికెగిరిందట! ఆడగుంటకి లెకోలెందుకే? పైకెగిరినోలంతా ఏటయ్యారో గోడ మీద సూడు."

నాకు ఒళ్ళు మండింది. "ఒక్కటైనా సుకంగా దిగుంటాది తాతా!" అన్నాను.

"అయితే సూపించు. సూపిత్తే పంపిత్తాను."

అవి ఉగాదికి ఇల్లు దులిపి గోడలకు కొత్త కాగితాలు అంటించే రోజులు. వంటింట్లో బెల్లం పాకం ఉడుకుతుంటే, పాకం గరిటె నాకడానికి కూడా లేవకుండా కట్టలన్నీ తిరగేశాను. దొరికింది! మబ్బుల నడుమ పొడుగాటి ఓడ, పక్కనే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న దొరసాని.

"కాలిపోతే ఆవిడలా నవ్వుద్దేటి?" అన్నాను.

దుకాణదారును అడిగి రమ్మంటాడేమోనని భయపడ్డాను గానీ, ఆ నవ్వు చూశాక తాత ఆ మాటే ఎత్తలేదు. ఆ బొమ్మను పడిపోయిన ఓడల మధ్య అంటించి, సోమవారం నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళాడు.

చెరకు కోతల నాటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ బొమ్మ కింది అక్షరాలు చదివాను. ఓరి నాయనో, అది సబ్బు! మబ్బులన్నీ నురగ! నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, చెబితే బడి మానిపిస్తాడు. రెండు రోజులు ఆ గోడకేసి చూడకుండా తిరిగాను. ఇలా దొంగలా ఎన్నాళ్ళని నా మీద నాకే కోపం వచ్చి, మూడో రోజు భజన తాళాలు తుడుచుకుంటున్న తాత ముందుకెళ్ళి నిలబడ్డాను.

"తాతా, అది గాలోడ కాదు, సబ్బు. నేను లెకోల్‌కి ఎల్లబట్టి తెలిసింది. నేకపోతే మనిద్దరం సచ్చేదాకా దాన్ని గాలోడే అనుకుందుము. ఇప్పుడు మానిపిత్తావా?"

తాత తాళాలు కింద పెట్టి గోడ దగ్గరికి నడిచాడు.

"మరి మిగతావి? నిజంగా పడ్డాయా, అయ్యీ సబ్బులేనేటే? రా, సదువు."

సాయంత్రం దాకా చదివాను. అవి నిజంగానే పడ్డాయి. కానీ ఒకదాని అడుగున, దుకాణదారు ఎన్నడూ చదవని చివరి వరుసలో, ఇంకో గాలి ఓడ కడుతున్నారని ఉంది. తాత దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆ గోడను తుఫాను ఎత్తుకుపోయింది, తాత పోయాడు, గాలి ఓడలూ ఆకాశంలో లేకుండా పోయాయి. పోతే పోనివ్వండి! ఎగిరితే పడతావని నా మనవరాళ్ళతో ఎవరైనా అంటే మాత్రం, బార్ సబ్బు తెచ్చి ఆ అన్నవాళ్ళ ముందు పెట్టి, ముందు దీని మీద ఏం రాసుందో చదవండి అంటాను.