నాలుగు మైళ్ళ అవతలి జర్మనీ తాత

ఆ పంక్తి దగ్గర నేను చదవడం ఆపేశాను. పాతికేళ్ళు పత్రికల్లో పనిచేసినవాణ్ణి. రైలు ప్రమాదంలో పోయినవారి జాబితా ఫోన్లో చెబుతుంటే ఒక్క పేరు తప్పు పోకుండా రాసుకున్నవాణ్ణి. అలాంటిది పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి కోర్టు భవనం నేలమాళిగలో, పక్కన కూర్చున్న ముసలావిడ "ఏమిటి, ఆగిపోయావు?" అని అడుగుతుంటే ఆ పంక్తి కింద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు వదిలేసి, నర్సు ఉద్యోగం దొరికిన నా భార్య వెంట ఆ ఊరు చేరాను. అక్కడి దినపత్రిక ఆఫీసులో పాత సంచికలు కత్తిరించి కవర్లలో సర్దే పని నాకు దొరికింది. ఆ సంగతి తెలిసి పక్కింటావిడ ఒకరోజు కంచె దగ్గరికి పిలిచింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఒంటరిది. చూపు రోజురోజుకూ తగ్గుతోంది, ఇక నయం కాదన్నారట డాక్టర్లు.

"పాత చేతిరాత చదవగలవా? నాకు అక్షరాలన్నీ పొగలా కనబడుతున్నాయి."

ఆవిడకు కావలసింది ఒక్కటే. తాత సమాధి ఎక్కడుందో తెలియాలి. ఆయన పడుచువాడిగా జర్మనీ నుంచి ఓడలో వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, భార్య పోయాక ముసలితనంలో తిరిగి వెళ్ళిపోయాడట. అప్పటికి ఈవిడకు రెండేళ్ళు. అక్కడే పోయాడని ఇంట్లో అనుకునేవారు. చూపు పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆ సమాధి దగ్గర నిలబడాలని పాస్‌పోర్టు కూడా తీయించుకుంది.

మా శనివారాలు దానికే పోయాయి. లైబ్రరీలో మైక్రోఫిల్ము తిప్పుతూ ఓడల్లో వచ్చినవారి జాబితాలు నేను చదివేవాణ్ణి, ఆవిడ వినేది. ఇంట్లో నా భార్యకు ఇదంతా వేళాకోళం.

"ఏవండీ, ఈ సాటర్డే కూడా జర్మనీయేనా? మీ ముత్తాత పేరన్నా తెలుసా మీకు?"

"ఎందుకు తెలీదు? తద్దినం రోజు మూడు తరాలూ చెబుతాను కదా."

"చెబుతారు. ముందు పురోహితుడు గుర్తు చేస్తే."

నాలుగో నెలలో ఆయన దొరికాడు. వయసు పద్ధెనిమిది, బుట్టలల్లే పని, పక్కనే సొంత ఊరి పేరు. పక్కింటావిడ లేచి, లైబ్రరీ అని కూడా చూడకుండా నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ ఊరి చర్చికి ఉత్తరం రాశాం. రెండు నెలలకు అక్కడి పాస్టరు జవాబిచ్చాడు. బాప్తిస్మం మా పుస్తకంలో ఉంది, సమాధి చేసినట్టు మాత్రం లేదు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ అడిగించాను, లేదు అన్నాడు.

"అయితే ఇంకేదో ఊళ్ళో స్థిరపడి ఉంటాడు" అంది ఆవిడ.

నేనూ సరేనని మరో మూడు ఉత్తరాలు రాశాను. నా తప్పు అక్కడుంది. డెస్కులో ఎవరు ఏ వార్త తెచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "నీకు చెప్పిందెవరు?" అని. అది అడక్కుండా ఒక్క ముక్క అచ్చుకు పంపేవాణ్ణి కాదు. ఇక్కడ ఎనిమిది నెలలు ఆ ప్రశ్న నా నోట రాలేదు. కాలం చేసిన పెద్దలు ఇంట్లో చెప్పిన మాట అది. అలాంటిదాన్ని అనుమానించడం మా పెంపకంలో లేదు.

చివరికి ఒకరోజు అడిగాను.

"మీ తాతగారు వెళ్ళిపోయారని మీకు చెప్పిందెవరు?"

"నాన్న."

"ఇంకెవరైనా?"

"ఇంకెవరు చెప్పాలి?"

ఆ మాట ఎవరూ చెప్పలేదనుకుని మొదటి నుంచీ చూద్దామన్నాను. మరుసటి వారమే కోర్టు నేలమాళిగలో ఈ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని మరణాల పుస్తకం తీయించాం. గంటలోపే దొరికాడు. పోయిన చోటు కౌంటీవారి బీదల ఆశ్రమం. దిక్కులేని ముసలివాళ్ళను ఉంచే చోటది. మా వీధికి నాలుగు మైళ్ళు. గుమాస్తా ఆవిడ అల్మరా వెతికి ఆ ఆశ్రమం రిజిస్టరు కూడా తెచ్చి పెట్టింది. నేను చదవడం ఆపేసిన పంక్తి అందులోదే.

పేరు, దేశం, బుట్టలల్లే పని చదివాను. తరువాతి గడి కూడా చదవక తప్పలేదు.

"తీసుకువచ్చి అప్పగించినవారు: కుమారుడు. పక్కన మీ నాన్నగారి సంతకం ఉంది."

"మళ్ళీ చదువు."

చదివాను. ఆశ్రమంలో చేరింది ఆవిడకు రెండేళ్ళప్పుడు. చనిపోయింది తొమ్మిదేళ్ళప్పుడు. సమాధికి పేరు లేదు, నంబరు ఉంది.

ఆవిడ చేతులు రెండూ బల్ల మీద అలాగే ఉన్నాయి.

"మేం అక్కడ పాలు పోసేవాళ్ళం" అంది. "వారానికి మూడుసార్లు. నాన్న బండి తోలేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. వరండాలో ఒక ముసలాయన బుట్టలల్లుతూ ఉండేవాడు. నన్ను చూడగానే చేతిలో పని కింద పెట్టేసేవాడు. ఒకసారి నాకు అరచెయ్యంత బుట్ట ఇచ్చాడు. 'థాంక్యూ సర్ అను' అన్నాడు నాన్న. అన్నాను. సర్ అన్నాను."

గుమాస్తా ఆవిడ టైపు చేయడం ఆపేసింది.

"వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారా?" అని అడిగాను.

"ఎప్పుడూ లేదు. నాన్న పాలక్యాన్లు దించేవాడు. ఆయన నన్నే చూస్తూ ఉండేవాడు. పరాయివాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని దారిలో చెప్పి, ఆ బుట్ట తీసుకున్నాడు నాన్న. మళ్ళీ నాకు కనబడలేదది."

వాళ్ళ నాన్న అలా ఎందుకు చేశాడో రిజిస్టరులో లేదు. చేర్చిన కారణం అన్న గడిలో 'వృద్ధాప్యం' అని మాత్రమే ఉంది. ఇన్నేళ్ళ తరువాత కూడా అంతకు మించి నాకు తెలియదు.

"పద" అంది ఆవిడ.

కారులో పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆశ్రమాన్ని ఎప్పుడో పడగొట్టేశారు. ఆ స్థలంలో మంచు తోసే ట్రక్కులు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు గుట్ట ఉన్నాయి. వెనక దిగుడు పొలంలో, గడ్డిలో సగం కూరుకుపోయి చిన్న చిన్న సిమెంటు దిమ్మెలు వరసగా కనబడ్డాయి. ఇంజన్ ఆపాను. ఆవిడ తలుపు తీయలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ అడిగింది.

"నాకైతే కనబడదు, నువ్వు చూశావు. సంతకం చేసేటప్పుడు నాన్న చెయ్యి వణికిందా?"

వణికిందని చెబితే పోయేదేముంది అనిపించింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"లేదండీ. అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి."

"అవును. ఆయన చేతిరాత బాగుండేది."

తరువాత నంబరెంత అని అడిగింది. చెప్పాను. చెయ్యి అందించబోతే వద్దంది. గడ్డిలోకి తనే దిగి, వంగి, ఒక్కొక్క దిమ్మె మీది అంకెను వేళ్ళతో తడిమి పైకి చదువుకుంటూ వెళ్ళింది. మూడో వరసలో ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుంది.