మా అత్తమ్మ కొలువులో చచ్చిన ఎలుగు

మా అమ్మాయీ నేనూ ఫోన్లో చదివే జపాన్ బొమ్మల కథలో ఒక రాకుమారుడున్నాడు, మంత్రాల కత్తి ఉంది, ఎగిరే పడవ ఉంది. మామూలు పిల్లలైతే వాటి మీద మనసు పారేసుకుంటారు. మా పిల్ల మాత్రం మాయల రాణి దగ్గర పనిచేసే గుడ్డ ఎలుగుబంటి మీద పారేసుకుంది. వాడు ఎప్పుడో చచ్చిపోయాడు. అయినా డ్యూటీ మానడు. ప్రతి భాగంలో రాకుమారుడు వాడిని చీల్చేస్తాడు, దూది బయటికొస్తుంది, చివరి పేజీలో రాణి సూదీ దారం పట్టుకుని కూర్చుంటుంది. కుట్టడం అయ్యాక వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "లే, ఇంకా పనుంది" అంటుంది. వాడు లేస్తాడు. మండల ఆఫీసులో ఉద్యోగం చేసేదాన్ని కాబట్టి వాడి మీద నాకూ జాలి కలిగింది.

అచ్చం అలాంటి బొమ్మే కావాలని పిల్ల పట్టుబట్టింది. పాత చీరలతో బొంతలు కుట్టడంలో మా అత్తమ్మకు ఏన్కూరు చుట్టుపక్కల పేరుంది. కథంతా చెప్పే ఓపిక లేక ఫోన్లో ఎలుగు బొమ్మ ఒక్కటే చూపించాం. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా ఇది? దీనికి పానం ఉన్నదా, పోయిందా?"

"పోయింది నాయనమ్మా. కానీ పని జేస్తడు."

"నయమే. మీ తాత పానముండంగ గూడ చెయ్యలే."

అన్నదే గానీ కుట్టింది. ఆమె పాత గోధుమరంగు లంగా వాడికి చర్మమైంది, బూరుగు దూది పేగులైంది. ఒక కంటికి కోటు గుండీ, రెండో కంటికి నల్లదారంతో ఇంటూ గుర్తు, నోటికి అడ్డంగా ఎర్రటి కుట్లు. నిజం చెప్పాలంటే కథలో వాడికన్నా వికారంగా వచ్చాడు. ఇల్లందులో బొగ్గు బావి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన వాడిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్ల మాత్రం వాడిని కరుచుకునే పడుకునేది.

అప్పుడు మా పెంకుటిల్లు పక్కనే మేం కట్టుకుంటున్న కొత్త ఇల్లు లేస్తోంది. దానికి కట్టిన దిష్టిబొమ్మ గాలివానకు ఎగిరిపోయింది. మర్నాడే దూరపు చుట్టం ఒకావిడ వచ్చి, "అబ్బ, ఎంత పెద్ద ఇల్లు" అంటూ గది గదినీ పొగిడి వెళ్ళింది. సాయంత్రానికి మేస్త్రీ నిచ్చెన మీంచి జారాడు. దెబ్బేం తగల్లేదు, బీడీ కట్ట మాత్రం సిమెంటులో పడింది. మా అత్తమ్మకు అది చాలు. పిల్ల బడి నుంచి వచ్చేసరికి పక్క మీద ఎలుగు లేదు. కొత్తింటి ముందు ఇనుప చువ్వలకు వేలాడుతున్నాడు.

పిల్ల ఏడ్చిన ఏడుపుకు పెంకుల మీది కోతులు కూడా దిగి వెళ్ళిపోయాయి.

"గంత దరిద్రపు మొఖం జిల్లాల ఇంకోటి దొరకది బిడ్డా," అంది అత్తమ్మ, తన పనితనాన్ని తానే మెచ్చుకుంటూ. "ఇల్లయ్యేదాంక ఉండనియ్యి."

నేను కల్పించుకోలేదు. దిష్టి గురించి మా అత్తమ్మతో వాదించడం కన్నా ఆఫీసులో సర్వర్ కోసం ఎదురుచూడటం సుఖం. ఇల్లయ్యేదాకా అన్న మాట పట్టుకుని పిల్ల ఎలాగో ఊరుకుంది.

రోజూ పొద్దున్నే గోడలకు నీళ్ళు కొట్టడానికి వెళ్ళి, అత్తమ్మ పైపు చేతిలో ఉండగానే ఎలుగుతో మాట్లాడేది. "ఇసుక ఎవడన్న ఎత్తుకవోయిండా? నిద్రవోయినవా ఏంది?" వాన పడిన రోజు, "తడిసినవా? తడువు. జీతం ఊకెనే ఇస్తమా?" అనేది. జీతం సంగతి మాకెవరికీ తెలియదు. పిల్ల కిటికీలోంచి చూసి నా చెవిలో, "అమ్మా, రాణి మనింట్లనే ఉన్నది" అంది. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను.

గృహప్రవేశం నాడు దిష్టిబొమ్మను దించి మూడు దారులు కలిసే చోట కాల్చేయడం మా ఇంటి పద్ధతి. ఊరందరి కళ్ళూ మింగినదాన్ని గడప దాటించరు. ఈ సంగతి పిల్లకు ముందురోజు తెలిసింది. ఈసారి ఏడవలేదు. అన్నం ముందు కూర్చుని, "కోస్తే కుట్టొచ్చు. కాలిస్తే ఏం కుడతరమ్మా?" అంది. నేనే లేచి వెళ్ళి అత్తమ్మను బతిమాలాను.

"ఆ దిష్టి మన పిల్ల మీదికి రావాల్నా?" అంది ఆమె.

మర్నాడు పాలు పొంగగానే అత్తమ్మ వాడిని దించింది. రంగు వెలిసిపోయాడు. ఒక చెయ్యి ఊడి వేలాడుతోంది. పొట్ట చించి ఉడుత దూది పీకేసింది. పట్టుచీర కట్టుకుని, ఒక చేత్తో వాడిని, ఇంకో చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని ఆమె ముందు నడుస్తుంటే, వెనక పిల్ల, ఆ వెనక నేను. మూడు దారుల దగ్గర వాడిని నేల మీద పడుకోబెట్టి పుల్ల గీసింది. పుల్ల వేళ్ళదాకా కాలింది. విదిలించి పారేసింది.

"ఉడుత గింతగనం పీకుతుంటె ఊకున్నవా?" అని వాడిని కసిరింది.

తర్వాత పక్కనున్న రాయి మీద కూలబడి, బొడ్లో దోపుకున్న వక్కాకు సంచిలోంచి సూదీ దారం తీసింది. పొట్ట కుట్టింది. చెయ్యి కుట్టింది. పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేను ఉండబట్టలేక, "మరి పద్ధతి అత్తమ్మా?" అన్నాను.

"వీడు ఇంట్లకైతే రాడు," అంటూ వాడిని వేలాడదీసిన తాడును అంటించింది. "అయిపాయె పద్ధతి."

దారం పంటితో కొరికి, వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "లే. మిర్పచేన్ల పందులు వడ్డయ్. ఇంక పనున్నది."

ఆ మాట ఆమెకు మేమెవరమూ చెప్పలేదు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది. తనే వాడిని భుజాన వేసుకుని, చుట్టాలు ఎదురుచూస్తున్న కొత్తింటి వైపైనా చూడకుండా, చేను దారి పట్టింది. వాడు డ్యూటీకి ఆలస్యం కాకూడదట.